రేకు మీద చేతిపని: కృష్ణారెడ్డి ముద్రాచిత్రాలు, సంతకం, సంఖ్య

చిత్రకారుడు తన చేత్తో తయారుచేసిన రాయి మీది నుంచో లోహపు రేకు మీది నుంచో కాగితం మీదికి తీసిన బొమ్మను ముద్రాచిత్రం అంటారు. ఒక రేకు నుంచి యాభై ప్రతులు తీస్తే ఆ యాభై ప్రతులూ అసలు బొమ్మలే. వాటికి మూలంగా మరెక్కడో ఒక తైలవర్ణ చిత్రం ఉండదు. పికాసో, షగాల్, మీరో వంటి వాళ్ల పెయింటింగులు కొనగలిగే స్తోమత కొద్దిమందికే ఉంటుంది. వాళ్ల చేతి సంతకమున్న లిథోగ్రాఫ్‌లు, ఎచింగులు మాత్రం మధ్యతరగతి ఇళ్ల గోడల దాకా వచ్చాయి. ఇరవయ్యో శతాబ్దంలో ఈ కళకు పారిస్ నగరమే రాజధాని. అక్కడి పేరున్న అచ్చుశాలల్లో ఒకటైన అటెలియె 17కు పన్నెండేళ్లపాటు సహ సంచాలకుడిగా పనిచేసినది ఒక తెలుగువాడు. చిత్తూరు దగ్గర నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి ఆయన. ఆధునిక ఫ్రెంచి ముద్రాచిత్రాల సేకరణ ఎలాంటిదో తెలుసుకోవాలనుకునే తెలుగు పాఠకుడికి ఆయన పని కన్నా మంచి దారి దొరకదు.

ముందుగా లిథోగ్రాఫ్ సంగతి. లిథోగ్రాఫ్ అంటే రాతి అచ్చు. దీన్ని కనిపెట్టిన అలోయిస్ సెనెఫెల్డర్ మ్యూనిక్‌లో నాటకాలు రాసుకునేవాడు. తన నాటకాలను చవకగా అచ్చువేసుకునే ఉపాయం వెతుకుతూ 1796–98 మధ్య ఈ పద్ధతికి చేరుకున్నాడు. బవేరియాలోని సోల్న్‌హోఫెన్ గనుల్లో దొరికే సన్నని నలుసు సున్నపురాయిని నున్నగా అరగదీసి, దాని మీద జిడ్డున్న క్రేయాన్‌తోనో సిరాతోనో బొమ్మ గీస్తారు. ఆపైన తుమ్మ జిగురులో కాస్త నత్రికామ్లం కలిపి రాతికంతటికీ పూస్తారు. ఇప్పుడు రాతిని నీళ్లతో తడిపితే బొమ్మ లేని చోట తడి నిలుస్తుంది, జిడ్డు ఉన్న చోట నిలవదు. నూనె సిరా పట్టించిన రోలరు దొర్లిస్తే సిరా జిడ్డుకు అంటుకుంటుంది గాని తడికి అంటుకోదు. కాగితం పరిచి ప్రెస్సులో ఒత్తితే బొమ్మ తిరగబడి దిగుతుంది. రాతి మీద చెక్కడం గాని గాడి తీయడం గాని ఉండదు. బొమ్మ ఉన్న చోటూ లేని చోటూ ఒకే మట్టంలో ఉంటాయి. క్రేయాన్ గీత, కుంచె పూత, వేలితో నలిపిన మరక ఎలా ఉంటే అలాగే కాగితానికి ఎక్కుతాయి. చిత్రకారులకు ఈ పద్ధతి నచ్చింది అందుకే. రంగుల బొమ్మ కావాలంటే సాధారణంగా రంగుకొక రాయి చొప్పున గీసి, ఒకదాని మీద ఒకటి గురి తప్పకుండా అచ్చువేయాలి.

ఈ పద్ధతి తెలుగు ఇళ్లకు కొత్తదేమీ కాదు. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన ప్రెస్సు నుంచి వచ్చిన లక్ష్మీ సరస్వతుల పటాలు రాతి అచ్చులే. తాతల కాలంనాటి దేవుడి గదుల్లో అవి ఇప్పటికీ కనిపిస్తాయి. అయితే రవివర్మ ఆ రాళ్ల మీద స్వయంగా గీయలేదు. ఆయన తైలవర్ణ చిత్రాలను చూసి ప్రెస్సులోని నిపుణులు రంగు రంగుకూ రాళ్లు తయారుచేశారు. ఎన్ని ప్రతులన్న లెక్క లేదు, చేతి సంతకం లేదు. వాటికి పాతదనం వల్ల, భక్తి వల్ల వచ్చిన విలువ వేరు. కళాకారుడి చేతిపనిగా వచ్చే విలువ వేరు. సేకరణకు దిగేవాళ్లు మొట్టమొదట పట్టుకోవలసిన తేడా ఇదే.

పారిస్‌లో ఈ తేడా ఎలా స్థిరపడిందో చెప్పడానికి రెండు బొమ్మలు చాలు. తులూజ్-లోత్రెక్ 1891లో మూలె రూజ్ నాట్యశాల కోసం గీసిన పోస్టరు కూడా లిథోగ్రాఫే. సుమారు 3,000 ప్రతులు తీసి వీధి గోడలకు అంటించారు. ఎండకూ వానకూ పోగా మిగిలినవాటిని ఇప్పుడు మ్యూజియంలు అపురూపంగా దాచుకుంటున్నాయి. రెండోది పికాసో పావురం. 1945 నవంబరు నుంచి పికాసో పారిస్‌లోని ఫెర్నాన్ మూర్లో అచ్చుశాలకు వెళ్లి రాళ్ల మీద పనిచేయడం మొదలుపెట్టాడు. 1949 జనవరిలో అక్కడ ఒక తెల్ల పావురాన్ని గీశాడు. ఆ ఏప్రిల్‌లో పారిస్‌లో జరగబోయే శాంతి మహాసభకు పోస్టరు కోసం వెతుకుతున్న కవి లూయీ ఆరగాన్ కంట అది పడింది. శాంతి పావురంగా అది లోకమంతా తిరిగింది. అభ్యుదయ భావాలు బలంగా ఉన్న తెలుగు పల్లెల్లో పికాసో పేరు వినిపించడానికి అదీ ఒక కారణం కావచ్చు. ఆ పావురం బొమ్మకు చిత్రకారుడు సంతకం చేసిన ప్రతులు పరిమితంగా 50, పోస్టర్లు వేలకొద్దీ. బొమ్మ ఒకటే అయినా వేలంలో రెండింటి ధరకూ పొంతన ఉండదు.

సంతకం చేసిన ప్రతి కింది అంచున పెన్సిలు రాతలు ఉంటాయి. ఎడమవైపు 12/50 లాంటి భిన్నం, కుడివైపు సంతకం, కొన్నిసార్లు మధ్యలో బొమ్మ పేరు. భిన్నంలో కింది అంకె మొత్తం ప్రతులను చెబుతుంది, పై అంకె ఆ ప్రతి సంఖ్యను. 1/50 మొదట అచ్చయిందనీ, అందువల్ల అది మేలైనదనీ చాలామంది అనుకుంటారు. అచ్చయిన కాగితాలు ఆరాక కట్టగా పేర్చి సంఖ్యలు వేస్తారు కాబట్టి ఆ వరుసకూ అచ్చయిన వరుసకూ సంబంధం ఉండాలని లేదు. సంఖ్య వేసినవి కాక, చిత్రకారుడు తనకోసం ఉంచుకునే ప్రతులు కొన్ని ఉంటాయి. ఫ్రాన్స్‌లో వాటి మీద 'ఇ.ఎ.' అనీ ఇంగ్లీషు దేశాల్లో 'ఎ.పి.' అనీ రాస్తారు. అమ్మకానికి కాక కానుకగా ఇచ్చేవాటి మీద 'హెచ్.సి.' అని ఉంటుంది. ఇలాగే అచ్చు వేయవచ్చునని చిత్రకారుడు ఒప్పుకుని సంతకం చేసిన నమూనా ప్రతి ఒక్కటే ఉంటుంది, దాన్ని 'బాన్ ఆ తిరే' అంటారు. అనుకున్న ప్రతులన్నీ తీశాక రాతిని అరగదీస్తారు, లేదా రేకు మీద అడ్డంగా గీతలు గీసి పాడుచేస్తారు. పరిమితి అన్న మాటకు ఆ గీతలే పూచీ.

అయితే పెన్సిలు రాతను నమ్మి మోసపోయినవాళ్లకు లెక్కలేదు. సాల్వడార్ డాలీ ఏ బొమ్మా లేని ఖాళీ కాగితాల మీద వేలకొద్దీ సంతకాలు చేశాడు. 1974లో అలాంటి 40,000 కాగితాలున్న ఒక వాహనం ఫ్రెంచి కస్టమ్స్ వాళ్లకు పట్టుబడింది. వాటి మీద ఎవరు ఏ బొమ్మ అచ్చువేసినా సంతకం మాత్రం నిజమైనదే అవుతుంది. డాలీ ముద్రాచిత్రాల బజారు ఆ దెబ్బ నుంచి ఇంకా పూర్తిగా తేరుకోలేదు. షగాల్ విషయం ఇంకాస్త చిక్కుగా ఉంటుంది. ఆయన స్వయంగా రాతి మీద గీసిన లిథోగ్రాఫ్‌లు చాలా ఉన్నాయి. ఆయన చిత్రాలను చూసి మూర్లో శాలలోని షార్ల్ సోర్లియె రాతి మీదికి ఎత్తినవీ ఉన్నాయి. రెండో రకానికి షగాల్ ఒప్పుదల ఉంది, కొన్నిటి మీద సంతకమూ ఉంది. కాని గీత సోర్లియెది. నిజాయితీ గల వ్యాపారి వాటిని 'షగాల్ చిత్రం ఆధారంగా' అని చెప్పి అమ్ముతాడు. ఇక పారిస్‌లోని మాగ్ గ్యాలరీ 1946 నుంచి 1982 దాకా వెలువరించిన 'డెరియేర్ ల మిర్వార్' పత్రికలో మీరో, షగాల్, బ్రాక్ వంటి వాళ్ల అసలు లిథోగ్రాఫ్‌లు సంతకం లేకుండానే ఉండేవి. అవి ఇప్పటికీ తక్కువ ధరకు దొరుకుతాయి, కొనదగినవే. చిక్కల్లా ఎవరో ఆ పేజీని విడదీసి, కింద సంతకం దొంగరాత రాసి, పది రెట్ల ధరకు అమ్మజూపినప్పుడే.

చట్టానికి సంతకం కన్నా చేతిపనే ముఖ్యం. అంతర్జాతీయ కస్టమ్స్ పట్టిక 97వ అధ్యాయంలో అసలు ముద్రాచిత్రాలకు ఇచ్చిన నిర్వచనం ప్రకారం రేకు లేదా రేకులు పూర్తిగా చిత్రకారుడి చేతితో తయారై ఉండాలి, వాటి నుంచి నేరుగా అచ్చు తీసి ఉండాలి. యాంత్రిక, ఫోటో పద్ధతులు వాడకూడదు. భారతదేశపు సుంకాల పట్టికలోనూ ఇదే ఉంది. సంఖ్య గురించి గాని సంతకం గురించి గాని ఆ నిర్వచనంలో ఒక్క మాటా లేదు.

కృష్ణారెడ్డి జీవితమంతా చేసింది ఆ రేకు మీది పనే. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడిలో చదివి, 1940ల్లో శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర శిష్యరికం చేశారు. తర్వాత మద్రాసు కళాక్షేత్రలో చిత్రకళ నేర్పారు. 1949లో లండన్ వెళ్లి స్లేడ్ స్కూలులో హెన్రీ మూర్ దగ్గర శిల్పం నేర్చుకున్నారు. అక్కడి నుంచి పారిస్ చేరి ఒసిప్ జాడ్‌కిన్ వద్ద, ఆ తర్వాత మిలాన్‌లో మారినో మారీని వద్ద శిల్ప విద్య కొనసాగించారు. అంటే ఆయన అచ్చు పనికి వచ్చింది శిల్పిగా. ఈ ఒక్క సంగతి గుర్తుంటే ఆయన ముద్రాచిత్రాల్లో సగం అర్థమైనట్టే.

అటెలియె 17 స్థాపకుడు స్టాన్లీ విలియం హేటర్ ఇంగ్లీషువాడు, రసాయన శాస్త్రం చదివినవాడు. ఇరాన్‌లో చమురు కంపెనీలో పనిచేసి, 1920ల్లో పారిస్ వచ్చి చిత్రకారుడయ్యాడు. 1927లో మొదలైన శాల 1933లో కంపాన్-ప్రిమియేర్ వీధిలోని 17వ నంబరు ఇంటికి మారింది. శాలకు అలా ఆ పేరు వచ్చింది. పికాసో, మీరో, జాకొమెట్టి, మాక్స్ ఎర్న్‌స్ట్ అందులో పనిచేశారు. యుద్ధకాలంలో న్యూయార్క్‌కు తరలి, 1950లో తిరిగి పారిస్ చేరింది. మూర్లో శాలలో చిత్రకారుడు రాతి మీద గీస్తే, అచ్చు తీయడం ఆరితేరిన పనివాళ్ల వంతు. హేటర్ శాలలో ఆ విభజన లేదు. రేకు చెక్కినవాడే సిరా పూయాలి, ప్రెస్సు తిప్పాలి. కృష్ణారెడ్డి 1964 నుంచి 1976 దాకా హేటర్‌తో కలిసి ఆ శాలను నడిపారు. న్యూయార్క్‌లో పేరు తెచ్చుకున్న చిత్రకారిణి జరీనా హష్మీ 1960ల్లో నేర్చుకున్నది అక్కడే.

ఆ శాలలో జరిగిన పని లిథోగ్రఫీ కాదు, ఇంటాలియో. దీనిలో లోహపు రేకును ఉలితో చెక్కుతారు లేదా ఆమ్లంతో తినిపిస్తారు. ఆమ్లంతో తినిపించి చేసేదే ఎచింగ్. గాడుల్లోకి సిరా దట్టించి పైభాగం తుడిచేసి, తడిపిన కాగితం మీద గట్టిగా ఒత్తుతారు. కాగితం గాడుల్లోకి దిగి సిరాను పైకి తెస్తుంది. అందుకే ఇంటాలియో ప్రింటు మీద వేలు పోనిస్తే గీత కొద్దిగా ఎత్తుగా తగులుతుంది. బొమ్మ చుట్టూ రేకు అంచు నొక్కిన గుర్తు కూడా ఉంటుంది. లిథోగ్రాఫ్‌కు ఈ రెండూ ఉండవు.

ఇంటాలియోలో రంగులే పెద్ద సమస్య. మామూలుగా ఎన్ని రంగులుంటే అన్ని రేకులు, అన్నిసార్లు ప్రెస్సు. తడి కాగితం ప్రతిసారీ కాస్త సాగుతుంది, రంగులు గురి తప్పుతాయి. 1950ల్లో హేటర్, కృష్ణారెడ్డి, బొంబాయి నుంచి వచ్చిన కైకో మోతీ ఈ చిక్కును విప్పారు. ఒకే రేకు, ఒకే ఒత్తు, అనేక రంగులు. దీనికి వాళ్లు వాడుకున్నది సిరాల చిక్కదనంలోని తేడా. అవిసె నూనె ఎక్కువ కలిపిన సిరా పలచగా జారుతుంది, తక్కువ కలిపినది బంకగా ఉంటుంది. రేకు మీద ముందు పలచని సిరా పూసి, దాని మీద బంక సిరా రోలరు దొర్లిస్తే రెండూ కలవవు. చేమాకు మీద నీటిబొట్టులా పలచని సిరా ఉన్న చోట బంక సిరా అంటకుండా తప్పుకుంటుంది, ఖాళీగా ఉన్న చోటే పట్టుకుంటుంది. ముందు బంకది, తర్వాత పలచనిది పూస్తే రెండూ కలిసి మూడో రంగు పుడుతుంది.

ఇక్కడే శిల్పం అక్కరకొచ్చింది. రంగులు వేర్వేరు చోట్ల పడాలంటే రేకు వేర్వేరు లోతుల్లో ఉండాలి. గట్టి రోలరు ఎత్తైన చోట్లనే తాకుతుంది. మెత్తటి రోలరు లోపలి మట్టాల దాకా దిగుతుంది. కృష్ణారెడ్డి రేకును అతి చిన్న ఉబ్బెత్తు శిల్పంలా చెక్కేవారు. ఉలులు, గీకుడు కత్తులు, ఆమ్లం, కరెంటుతో నడిచే పనిముట్లు అన్నీ వాడేవారు. లోపల అల మీద అల పడినట్టు మట్టాలు ఏర్పడేవి. 1963 నాటి 'సుడిగుండం', 'అల' చూస్తే నీటి కదలిక రంగుతో కన్నా లోతుతో పుట్టిందని తెలుస్తుంది. 1968లో పారిస్ విద్యార్థుల తిరుగుబాటు నాటి 'ప్రదర్శనకారులు' చిత్రంలో సన్నని మనుషుల గుంపు ఒకే లయలో ఎగసి వస్తుంది. 1976లో ఆయన న్యూయార్క్ వెళ్లి అక్కడి విశ్వవిద్యాలయంలో ముద్రణ కళ నేర్పారు. 1980ల్లో వచ్చిన 'మహా విదూషకుడు' సర్కసు బఫూనును కేంద్రం నుంచి వికసించే గీతల సుడిగా చూపిస్తుంది. ఆయన పనిలో అత్యుత్తమం అది కాదేమో గాని, తరచుగా అచ్చులో కనిపిస్తుంది. భారత ప్రభుత్వం 1972లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. పద్ధతినంతా వివరిస్తూ ఆయన రాసిన ఇంగ్లీషు పుస్తకం 1988లో వచ్చింది. 2018 ఆగస్టులో న్యూయార్క్‌లో కన్నుమూశారు.

సేకరించేవాళ్లకు ఈ పద్ధతి ఒక పేచీ పెడుతుంది. పరిమిత ఎడిషన్ అంటే యాభై ప్రతులూ ఒకేలా ఉండాలని బజారు అనుకుంటుంది. ఈ పద్ధతిలో ప్రతి కాగితానికీ సిరాలు మళ్లీ కలపాలి, రోలర్లు మళ్లీ దొర్లించాలి. నూనె చుక్క ఎక్కువైనా, గది వేడి మారినా రంగు మారుతుంది. కృష్ణారెడ్డి దాన్ని లోపంగా చూడలేదు. ఒకే రేకును కావాలనే వేర్వేరు రంగుల కూర్పులతో అచ్చువేశారు. 'మహా విదూషకుడు' నీలం ప్రధానంగా ఒకచోట, ఎరుపు పసుపులతో మరోచోట కనిపించడానికి కారణం ఇదే. అందువల్ల ఆయన ప్రింటును ఫోటో చూసి, సంఖ్య చూసి కొనడం తెలివైన పని కాదు. అదే బొమ్మ 20వ ప్రతి కన్నా 50వ ప్రతి ఎంతో సజీవంగా ఉండవచ్చు. కాగితం ఎదురుగా ఉండాలి, పక్కనుంచి పడే వెలుతురులో సిరా ఎత్తుపల్లాలు చూడాలి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2016–17లో హేటర్, కృష్ణారెడ్డి, జరీనాల పనిని ఒకే ప్రదర్శనలో చూపింది. గురుశిష్యుల రేకులు ఎంత భిన్నంగా మాట్లాడతాయో అక్కడ పక్కపక్కనే తెలిసింది.

ముద్రాచిత్రంలో పేరు తెచ్చుకున్న తెలుగువాళ్లు ఇంకా ఉన్నారు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన కె. లక్ష్మా గౌడ్ బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదివారు. ఆమ్లంతో చేసే ఎచింగ్, అక్వాటింట్ పద్ధతుల్లో తెలంగాణ పల్లెను, మేకలను, మనుషుల కోరికలను మొహమాటం లేకుండా గీశారు. 2016లో పద్మశ్రీ వచ్చింది. హైదరాబాద్‌కు చెందిన దేవరాజ్ దాకోజి లిథోగ్రఫీలో ఆరితేరి, న్యూయార్క్‌లోని రాబర్ట్ బ్లాక్‌బర్న్ ముద్రణశాలలో ఇతర చిత్రకారుల బొమ్మలను కూడా అచ్చు తీసిపెట్టారు.  ఆధునిక కళ గురించి తెలుగులో చదవాలనుకునేవాళ్లకు తెనాలి పక్కన తుమ్మపూడిలో ఉంటూ జీవితమంతా రాసిన సంజీవదేవ్ వ్యాసాలు ఇప్పటికీ మంచి ఆసరా.

కొనేటప్పుడు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. భూతద్దం పెట్టి చూస్తే యంత్రంతో వేసే ఆఫ్‌సెట్ అచ్చులో రంగు చుక్కలు వరుసలు తీరి కనిపిస్తాయి. చేతి లిథోగ్రాఫ్‌లో క్రేయాన్ నలుసు ఏ వరుసా లేకుండా చెదిరి ఉంటుంది. కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పడితే ఆర్ష్, రీవ్ వంటి తయారీదార్ల నీటిగుర్తు అంచున కనిపించవచ్చు. సంతకం పెన్సిలుతో కాగితం మీద విడిగా ఉందా, బొమ్మతోపాటు అచ్చయిందా అన్నది చూడాలి. రాతి మీదే చేసిన సంతకం అన్ని ప్రతుల్లోనూ వస్తుంది, దానికి విడి విలువ లేదు. పికాసో, షగాల్ వంటివారికి వాళ్ల లిథోగ్రాఫ్‌లన్నిటినీ కొలతలతో, ప్రతుల సంఖ్యతో నమోదు చేసిన పెద్ద జాబితా పుస్తకాలున్నాయి. అమ్మేవాడు చెప్పిన కొలతా సంఖ్యా వాటితో సరిపోవాలి. అంచులు కత్తిరించిన కాగితం విలువ బాగా పడిపోతుంది. ఎవరి దగ్గర్నుంచి ఎవరికి వచ్చిందో తెలిపే పాత బిల్లు, గ్యాలరీ చీటీ ఉంటే వాటిని బొమ్మతోపాటే దాచాలి. విదేశంలో కొని తెచ్చేవాళ్లకు అవి కస్టమ్స్ దగ్గర కూడా అక్కరకొస్తాయి.

ఇంటికి తెచ్చాక అసలు శత్రువు వాతావరణం. కోస్తా ఊళ్లలో, ఉదాహరణకు అమృతలూరు, తెనాలి, రేపల్లె చుట్టుపక్కల, కాలువల నీరు, వరి మళ్లు, సముద్రపు గాలి కలిసి గోడల్లో తేమ ఏడాదిలో చాలా కాలం ఉంటుంది. కాగితం ఆ తేమను పీల్చి ముడతలు పడుతుంది, గోధుమరంగు మచ్చలు వేస్తుంది, బూజు పడుతుంది. మామూలు అట్ట, జిగురు టేపు వాడితే వాటిలోని ఆమ్లం కాగితాన్ని పచ్చబరుస్తుంది. ఆమ్లం లేని మౌంటు బోర్డు వాడించాలి. బొమ్మను పూర్తిగా అంటించకుండా పై అంచున రెండు చోట్ల జపాను కాగితపు పట్టీలతో, గంజితో వేలాడదీయించాలి. కాగితం తేమకు తగ్గట్టు సాగడానికి అప్పుడు చోటుంటుంది. అద్దానికీ కాగితానికీ మధ్య ఖాళీ ఉండాలి, లేకపోతే సిరా అద్దానికి అంటుకుంటుంది. కృష్ణారెడ్డి ప్రింట్లలో సిరా మందంగా ఎత్తుగా ఉంటుంది కాబట్టి ఆ ఖాళీ మరింత అవసరం. లామినేషన్ చేయిస్తే బొమ్మ పోయినట్టే, తిరిగి తీయడం సాధ్యం కాదు. ఎండ పడే గోడకు, వంటింటి గోడకు, బయటి వాన తడి దిగే గోడకు తగిలించకూడదు. పటం వెనక గోడకు తగలకుండా చిన్న బిరడాలు పెడితే గాలి ఆడుతుంది, చెదలు ఎక్కితే ముందే కంటపడతాయి. గోడకు పెట్టనివాటిని ఆమ్లం లేని కాగితాల మధ్య బల్లపరుపుగా పరిచి, నేలకు ఎత్తుగా ఉండే ఇనుప బీరువాలో ఉంచి, వానాకాలం పోయాక ఒకసారి బయటికి తీసి చూసుకోవాలి.